పంచాంగాల మధ్య నుంచి వచ్చిన దారం

మా భోజనాల బల్ల మీద సగం చోటు ఇప్పుడు భోజనాలది కాదు. అక్కడ ఒక చెక్క చట్రం ఉంటుంది. దానికి రెండు పొట్టి కాళ్లు, ఒక్కో కాలి నెత్తిన కోసిన గాడి. పక్కనే పాత పంచాంగాల దొంతర, దాని మీద బరువుకు పచ్చడి నూరే చిన్న పొత్రం. ఇంటికి వచ్చినవాళ్లు అది ఏదో వ్రతం సామగ్రి అనుకుని చేయి తగలకుండా దూరంగా కూర్చుంటారు. గాలం కర్రలకు దారం చుట్టే పీట అని చెబితే నన్నూ, వెనకాల పూజ గదినీ మార్చి మార్చి చూస్తారు. వాళ్లను తప్పు పట్టను. రెండేళ్ల కిందట ఎవరైనా ఈ మాట చెబితే నేనూ నవ్వేదాన్నే.

మా అత్తగారు పోయాక మావయ్యగారు మా దగ్గరికి, చందానగర్ ఫ్లాటుకు వచ్చేశారు. గోదావరి కాలవల మీద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నీళ్లు కనపడకపోతే ఆయనకు తోచదు. మా నాలుగో అంతస్తు బాల్కనీలోంచి కనపడేది ముంబై హైవే. మొదటి ఏడాది ఆ హైవేనే చూస్తూ కూర్చున్నారు. తరవాత ఎవరిని అడిగి తెలుసుకున్నారో, బస్సెక్కి ఊరి బయట ఒక చెరువుకు పోవడం మొదలుపెట్టారు. అక్కడ ఒకరోజు ఎర పిండి అయిపోతే, పక్కన కూర్చున్న మనిషి ఏమీ అనకుండా తన డబ్బా ఇటు జరిపాడట. ఆ మనిషి బోరబండలో ఉంటారు. రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి దిగిపోయారు. ఆ డబ్బా దగ్గర మొదలైన స్నేహం ఎనిమిదేళ్లు నడిచింది.

ప్రతి ఆదివారం ఆ బోరబండ పెద్దాయన మొదటి లోకల్ రైలెక్కి చందానగర్‌లో దిగేవారు. ఇద్దరూ కర్రలు భుజాన వేసుకుని బస్సెక్కేవారు. పది దాటాక తిరిగొచ్చి మా ఇంట్లో టిఫిను తినేవారు. చేపలు తెచ్చేవారు కాదు. ఆ చెరువు నీళ్లు మంచివి కావని, పట్టినవాటిని అక్కడే వదిలేసేవారు. నేను చేప తినను గనుక ఆ విషయంలో దేవుడికి నా తరఫున కూడా ఒక దండం పెట్టుకునేదాన్ని. "మరి పట్టడమెందుకండీ" అని ఒకసారి అడిగితే పెద్దాయన, "మాట్లాడుకుంట కూసునేందుకు ఒక వంక ఉండాలె గదమ్మా" అన్నారు.

రెండేళ్లుగా మావయ్యగారి కుడిచేయి వణుకుతోంది. కాఫీ గ్లాసు సగమే నింపి ఇస్తాను. ఆ చేత్తో గాలం ముల్లు కట్టడం ఆయన వల్ల కాదు. గట్టు మీద ఆ ముల్లు కట్టిపెట్టేది పెద్దాయనే. ఈ సంగతి మావయ్యగారు ఎప్పుడో మాటల్లో జారవిడిచి, వెంటనే వేరే మాట ఎత్తుకున్నారు. అందుకే నాకు గుర్తుండిపోయింది. పెద్దాయన లేకపోతే ఆయనకు చెరువు లేదు.

అలాంటిది, మా అపార్టుమెంటు లిఫ్టు ఒక్క నిమిషంలో ఇద్దరినీ విడదీసింది.

లిఫ్టును అంటే పాపం. తప్పు మావయ్యగారిదే, ఆ మాట ఆయనా ఒప్పుకుంటారు, ఇప్పుడైతే. ఆ ఆదివారం చెరువు నుంచి వచ్చి కింద లిఫ్టు ఎక్కుతూ పెద్దాయన తన కర్రను రెండు ముక్కలుగా విప్పబోయారు. "జర ఆగుండ్రి సారు, ఇప్పుత" అన్నారట. "నాలుగో అంతస్తేగదయ్యా, విప్పడమెందుకు, పద పద" అని మావయ్యగారు మీట నొక్కేశారు. తలుపులు మనిషి అడ్డముంటే ఆగుతాయి. పుల్లంత సన్నటి కర్ర కొన అడ్డముంటే ఆగవు. లిఫ్టు పైకి లేచింది, కొన కిందే ఉండిపోయింది.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. తలుపులు తెరుచుకునేసరికి పెద్దాయన చేతిలో కర్ర ఉంది, దాని తల లేదు. కర్ర మీది చిన్న ఉంగరాలు మూడు ఊడి, వాటిలో ఒకటి దారానికి వేలాడుతోంది. ఇద్దరిలో ఎవరి ముఖమూ చూడలేకపోయాను. లిఫ్టులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఆదివారం కూరగాయలతో. వాళ్ల ముందు తేలిపోకూడదనుకున్నారో ఏమో, మావయ్యగారు నవ్వుతూ అన్నారు.

"పోనీలేవయ్యా, పాతదే కదా. ఇంతకంటే మంచిది కొనిస్తాను."

పెద్దాయన కాసేపు కర్రనే చూశారు.

"కొనిస్తరా సారు. మంచిది."

కర్రను మా చెప్పుల స్టాండుకు ఆనించారు. నా వైపు తిరిగి, "అమ్మా, ఇయ్యాల ఆకలైతలేదు" అని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయారు. నాలుగు అంతస్తులూ ఆ చెప్పుల చప్పుడు వినపడింది. లోపల బల్ల మీద మూడు పళ్లేలలో పెసరట్లు పెట్టి ఉన్నాయి.

తరవాతి ఆదివారం మావయ్యగారు తెల్లవారే లేచి, స్నానం చేసి, పిండి కలుపుకుని, కర్ర పక్కన పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. రైలు వేళ దాటింది. ఇంకో రైలు వేళా దాటింది. ఫోను చేయండి అని మా ఆయన అంటే, "అతనే చేస్తాడులే" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన ఫోను తీసి పేరు మీద బొటనవేలు పెట్టి, తీసేయడం నేను చూశాను. రెండో వారం ఒక పొడుగాటి పెట్టె ఇంటికి వచ్చింది. కొడుకు చేత తెప్పించుకున్న కొత్త గాలం కర్ర, బాగా ఖరీదైనదే. అది పెట్టెలోనే తలుపు వెనక నిలబడింది. మూడో ఆదివారం ఆయన పిండి కలపలేదు. మళ్లీ బాల్కనీలో కుర్చీ వేసుకుని హైవే చూస్తూ కూర్చున్నారు.

నాకు భయం వేసింది. ఆ మొదటి ఏడాది మౌనం ఎలా ఉండేదో నాకు తెలుసు.

ఆ విరిగిన కర్రను నేను చెప్పుల దగ్గర ఉంచడం ఇష్టం లేక లోపల పెట్టాను. దుమ్ము తుడుస్తూ దాని మీద దారం చుట్లు చూశాను. రీలులోంచి వచ్చే తీగ కర్ర వెంట సాగడానికి ఉంగరాలు ఉంటాయి కదా, ఆ ఉంగరాల కాళ్లను కర్రకు పట్టి ఉంచేది దారమే. సందు లేకుండా, ముడి లేకుండా, పోగు పక్కన పోగు. పైన గాజులా మెరిసే పూత. వ్రతాల తోరాలు కట్టీ కట్టీ నా కంటికి దారం సంగతి కాస్త తెలుసు. ఆ చుట్లన్నీ ఒకే చేతివి. పైగా అన్నీ మామూలుగా నేను చుట్టే దిక్కుకు ఎదురు తిరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటం. పెద్దాయన మా ఇంట్లో కాఫీ గ్లాసు ఎప్పుడూ ఎడమ చేత్తోనే అందుకునేవారు.

మావయ్యగారి దగ్గరికి వెళ్లి, ఆ కొత్తది ఇచ్చినా ఆయన పుచ్చుకోరేమోనండి అన్నాను. ఎందుకు పుచ్చుకోడు, దీనికంటే పదింతలు మంచిది అన్నారాయన. "ఇది ఆయన తన చేత్తో కట్టుకున్నదండి" అని చుట్లు చూపించాను. ఆయన కర్రను అటూ ఇటూ తిప్పి చూశారు. చేయి వణికి ఉంగరం గలగలమంది. తిరిగి నా చేతికిచ్చేశారు. మళ్లీ హైవే వైపు తిరిగిపోయారు.

అప్పుడే అనుకున్నాను, ఇది మళ్లీ కట్టాలని. ఎలాగో తెలియదు.

తెలియనిది నేర్చుకోవడం నాకు కొత్త కాదు, అందుకు మా అమ్మకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. మా నాన్న రాయలసీమలో ఒక నాపరాళ్ల గని దగ్గర కాపలా పని చేసేవాడు. గని చుట్టూ ఊరు లేదు, ఊరు లేదు గనుక బడి లేదు. అమ్మే చదువు చెప్పింది. ఇంట్లో ఉన్న పుస్తకం ఒక్కటే, ఏటా ఉగాదికి నాన్న కొనుక్కొచ్చే పంచాంగం. అంకెలు తిథుల పట్టికలో నేర్చుకున్నాను, ఒత్తులు నక్షత్రాల పేర్లలో. తప్పు లేకుండా 'జ్యేష్ఠ' రాసిన రోజు అమ్మ బెల్లం ముక్క పెట్టింది. ఏడాది పోయాక పాత పంచాంగాన్ని అమ్మ పారేసేది కాదు, పొయ్యిలో వేసేది కాదు. దేవుడి పేరున్న కాగితం కదా. ఆ అలవాటు నాకూ వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి కొన్న పంచాంగాలన్నీ పూజ గది కింద అరలో ఉన్నాయి.

ఫోనులో వీడియోలు వెతికాను. ఎవరో దొర, ఏ దేశమో, నీలం చొక్కా వేసుకుని గాలం కర్ర కడుతున్నాడు. మాట ఒక్కటీ అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. కర్రను రెండు గాళ్ల మీద పడుకోబెట్టి తిప్పుతుంటే దారం దానంతట అది చుట్టుకుంటుంది. దారం బిగువు ఒకేలా ఉండాలి. అందుకు ఆయన దారాన్ని ఒక లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగి, పుస్తకం మీద బరువు పెట్టాడు. బిగువు పెంచాలంటే బరువు పెంచడమే. చూసి నవ్వొచ్చింది, ఇంత సులువా అని.

గాళ్లకు చెక్క కావాలి. మా అత్తగారి పాత పీట ఒకటి, కాలు ఊడినది, అటక మీద ఉంది. దాన్ని చందానగర్ మార్కెట్లో మంచాలు బాగుచేసే వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లి, కాగితం మీద గీసి చూపించాను. గీత చూసి అతను బొమ్మల కొలువుకా అన్నాడు. గాలానికి అంటే ఇంకేమీ అడగకుండా కోసిచ్చాడు. కర్ర గీసుకుపోకుండా గాళ్లకు మెత్తటి గుడ్డ కావాలి, వాయనాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ఏ ఇంట్లో తక్కువ? ఆకుపచ్చది ఒకటి మడిచి అతికించాను. దారం మగ్గం వర్కు సామాన్ల దుకాణంలో దొరికింది. పాత చుట్లు వెలిసిన ఆకుపచ్చ, అంచుల్లో మాసిన తెలుపు. అదే రంగులని ఆకుపచ్చా, మీగడ రంగూ తెచ్చాను. కొనకు కొత్త ఉంగరం, పైన వేసే పూత సీసాలు రెండూ మా ఆయన నానక్‌రామ్‌గూడలో ఆఫీసు అయ్యాక పాతబస్తీ దాకా వెళ్లి తెచ్చారు. "నీ పూజల ఫలం చేపలకు దక్కుతోంది" అని ఏడిపించారు గానీ, తెచ్చారు. అందుకు ఆయనకూ ఒక దండం.

పుస్తకం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో లావుపాటిది భాగవతం ఒక్కటే. దాని మీదికి చేయి పోలేదు. అప్పుడు కింద అర గుర్తొచ్చింది. పంచాంగాలన్నీ తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా కట్టాను. ఇదీ అపచారమేనేమో అని చాలాసేపు కూర్చున్నాను. చివరికి కళ్లకద్దుకుని, ఇన్నేళ్లు రోజులు చెప్పారు, కొన్నాళ్లు దారం పట్టండి అని మనసులో అడిగాను. మధ్యలో ఒక సంవత్సరం తెరిచి, ఆషాఢం దగ్గర దారం పెట్టి, మూసి, పొత్రం పెట్టాను. లాగితే దారం సన్నగా, సాఫీగా, ఒకే బిగువుతో వచ్చింది. ఎక్కడా తెగలేదు, జారలేదు.

పీట సిద్ధమైంది శుక్రవారం. ఇంట్లోకి కొత్తగా ఏ పనిముట్టు వచ్చినా, మిక్సీ అయినా కుట్టుమిషను అయినా, పసుపు రాసి బొట్టు పెట్టకుండా నేను మొదలుపెట్టను. దీనికీ పెట్టాను, రెండు కాళ్లకూ. పెట్టి, చేయి కొంగుకు తుడుచుకుని, అక్కడికక్కడే కూర్చుని మొదటి ఉంగరానికి దారం చుట్టాను. అక్కడ చేసిన పొరపాటు ఆ రోజు నాకు తెలియలేదు.

తెలిసిన పొరపాటు వేరే ఉంది. చుట్టడం అయ్యాక చివర ముడి వేశాను. తోరానికి తొమ్మిది ముళ్లు వేసిన చేయి కదా, ముడి లేకుండా వదలడం దానికి రాదు. నాలుగు రోజుల్లో మూడు ఉంగరాలూ అలాగే ముగించాను. మావయ్యగారు పేపరు చదువుతున్నట్టు దూరంగా కూర్చున్నారు. ఆ నాలుగు రోజుల్లో పీట వైపు ఆయన రాలేదు.

"అమ్మాయ్, ముడి ఉంటే దాని మీద పూత బుడిపెలా నిలుస్తుంది. తీగ తట్టుకుంటుంది" అన్నారు పేపరు వెనక నుంచి.

మళ్లీ వీడియో చూశాను. దొర చివర పది చుట్లప్పుడు వేరే దారం మడత ఒకటి లోపల పెట్టి, ఆఖరి కొసను ఆ మడతలో దూర్చి, లాగేశాడు. కొస తన చుట్ల కిందికే వెళ్లి దాక్కుంది. రెండు ఉంగరాలకు ముళ్లు విప్పి అలా చేశాను. మొదటిదానికి చివరి చుట్లు మాత్రం విప్పాను, అంచు కదల్చలేదు. చుట్టే దిక్కు కూడా పెద్దాయన వాటమే, ఎడమ. చేతికి ఎంత వింతగా ఉన్నా అదే ఉంచాను.

ఇంకో రోజు మావయ్యగారు లేచి వచ్చి పీట పక్కన నిలబడ్డారు. చెక్కను వేలితో తడిమారు.

"ఇది మీ అత్తగారి పీట కదూ."

"అవునండి. కాలు ఊడిపోయిందని..." అంటూ నసిగాను. కోప్పడతారేమోనని చూశాను.

"ఎడమది కాస్త ఎత్తుగా ఉంది. కింద అట్టముక్క పెట్టు" అని చెప్పి వెళ్లిపోయారు. పెట్టాను. నిజమే, కర్ర అప్పుడు నిలకడగా తిరిగింది.

దారాలయ్యాక మిగిలింది పూత. రెండు సీసాల్లోవి సమానంగా కలిపి కుంచెతో రాయాలి. రాశాక అది గట్టిపడేదాకా, మూడు నాలుగు గంటలు, కర్ర తిరుగుతూనే ఉండాలి. ఆగితే పూత ఒక పక్కకు కారి గడ్డకడుతుంది. దొరకు అందుకు చిన్న మోటారు ఉంది. మా అపార్టుమెంటు వినాయక చవితి సామాన్ల పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది. అందులో స్వామి తల వెనక మెల్లగా తిరిగే రంగు కాగితాల చక్రం ఉంది. కమిటీ వాళ్లను అడిగి, చక్రం ఊడదీసి, ఆ మోటారు కొనకు సీసా మూత బిగించి, కర్ర మొదలును అందులో రబ్బరు బ్యాండ్లతో పట్టించాను. ఎంత నిదానంగా తిరిగిందో. స్వామి వెనక తిరిగిన అలవాటు కాబోలు.

పూత మొదలుపెట్టాను. కుంచె మొదటి ఉంగరం అంచు మీద, ఆ మీగడ రంగు దారం మీద ఆనింది. అక్కడ లేత పసుపు మరక ఒకటి తేలింది. చూస్తుండగానే ఎర్రబడింది. హారతి పళ్లెంలో పసుపు నీళ్లకు సున్నం తగిలితే ఎలా తిరుగుతుందో, అచ్చం అలా. శుక్రవారం నా గోళ్ల సందుల్లో మిగిలిన పసుపు. కొంగుకు తుడుచుకుంటే పోయిందనుకున్నాను.

పరాయి మనిషి కర్ర. ఆయన ప్రాణంలా చూసుకున్నది. మిగతా అంచులన్నీ తెల్లగా ఉండి ఒక్కటి మాత్రం ఇటుక రంగులో, అదీ సమంగా కాదు, మరకలు మరకలుగా. విప్పుదామా అంటే మిగతా ఉంగరాలకు పూత ఇంకా వేయాలి, కలిపినది గిన్నెలో చిక్కబడుతోంది. వేసేశాను. మోటారు మీట నొక్కాను. కర్ర తిరిగింది. గంట కూడా కాలేదు, కరెంటు పోయింది.

మా అపార్టుమెంటులో జనరేటరు లిఫ్టుకు ఉంది, ఇళ్లకు లేదు. బయట లిఫ్టు గుయ్యిమని పైకీ కిందికీ పోతోంది. లోపల కర్ర ఆగిపోయింది. చుట్ల కింద పూత చిన్న చిన్న బొట్లుగా దిగడం కనపడింది. నేను కర్రను చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. పొయ్యి మీద అన్నం ఉంది.

"లే. నేను తిప్పుతాను" అన్నారు మావయ్యగారు.

ఆయన చేయి చూసి నేను లేవలేదు. ఆయనే నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ముంజేయి బల్లకు ఆనించి, బొటనవేలూ చూపుడువేలూ కర్ర మీద పెట్టారు. ఆసరా దొరికేసరికి వణుకు మణికట్టు దగ్గరే ఆగింది. పావు చుట్టు. ఒకటి నుంచి ఐదు దాకా లెక్క. మళ్లీ పావు చుట్టు. కాలవ తూము చక్రం తిప్పిన చేయి కదా, తొందర పడకూడదని దానికి తెలుసు. నేను అన్నం వార్చి వచ్చాను, ఆయన తిప్పుతూనే ఉన్నారు. భోజనానికి లేవమంటే లేవలేదు. ముద్దలు కలిపి గిన్నెలో తెచ్చి చెంచా ఇచ్చాను, ఎడమ చేత్తో తిన్నారు. కరెంటు వచ్చేసరికి రెండున్నర గంటలు దాటింది. మోటారు వేయనా అంటే, "వద్దులే, ఇంకాస్తేగా" అన్నారు.

అంతసేపట్లో ఒక్కసారే మాట్లాడారు. ఆ ఎర్ర మరక వైపు చూసి, "అతనికి ఏం చెబుదాం?" అన్నారు. చెబుదాం అన్నారు. నేను ఆ మాట పట్టుకుని పూజ గదిలోకి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను.

పూత ఆరాక రెండు రోజులు ఆగి, కర్రను రెండు ముక్కలు చేసి, పాత చీర గుడ్డలో చుట్టి, ఇద్దరం లోకల్ రైలెక్కాం. చేయి వణకడం మొదలయ్యాక ఆయన రైలెక్కడం అదే మొదటిసారి. హైటెక్ సిటీ స్టేషన్లో మెళ్లో కార్డులు వేసుకున్న పిల్లలు గుంపుగా ఎక్కారు. ఒకమ్మాయి ఆ మూట చూసి, "ఆంటీ, అది వీణా?" అని అడిగింది. గాలం కర్ర అన్నాను. మావయ్యగారు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. నెల దాటాక ఆ నవ్వు చూశాను.

బోరబండలో అడుగుతూ వెళ్లాం. సన్నటి సందు, ఇల్లు మేడ మీద. పెద్దాయన గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. "ఇంత దూరం మీరొచ్చిండ్రా" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ మర్యాదకే నాకు భయం వేసింది. ఎప్పుడూ అంత మర్యాదగా మాట్లాడేవారు కాదు.

నేను మూట విప్పి చేతికిచ్చాను. ఆయన రెండు ముక్కలూ కలిపి, ఒక కన్ను మూసి, కర్ర వెంట చూశారు. వంచి చూశారు. కురచైంది అన్నారు. జానెడు తగ్గిందండి, విరిగినదాకా కోశాం అన్నాను. ఉంగరం ఉంగరం మీద గోరు పోనిచ్చారు. ఎడమ వాటం చుట్లు గమనించినట్టున్నారు, నా చేతుల వైపు చూశారు. చివరికి ఆ ఎర్ర అంచు దగ్గర గోరు ఆగింది.

"ఇదేందమ్మా?"

చెప్పేశాను. పీటకు పసుపు రాయడం, చేయి సరిగ్గా కడుక్కోకపోవడం, పూత తగిలి రంగు మారడం, అన్నీ. ఆయన కర్రను వెలుగులోకి పెట్టి చూస్తూ ఉండిపోయారు. తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది.

"నా గాలానికి పారాణి పెట్టినవా అమ్మా? ఇగ పెండ్లి ఎవలతోని?"

లోపలి నుంచి ఆయన కోడలు కూడా నవ్వింది. అప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని చెప్పారు. అంచులన్నీ మొదట ఎర్రవేనట. క్యాబిన్‌లో రైలుకూ రైలుకూ మధ్య ఖాళీలో కట్టుకున్నారట ఆ కర్రను. చిరిగిపోయిన జెండాలు ఉంటాయి కదా, ఆకుపచ్చదీ ఎర్రదీ, వాటి పోగులు లాగి చుట్టారట. పచ్చది కొంత నిలిచింది, ఎర్రది ఎండకు వెలిసి తెల్లబడిపోయింది.

"ఎనిమిదేళ్లు పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ చెప్పలేదేవయ్యా" అన్నారు మావయ్యగారు.

"మీరెప్పుడు అడగలే సారు."

కింద సందులో ఉల్లిగడ్డల బండివాడు అరుచుకుంటూ పోయాడు. మావయ్యగారు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, నేల చూస్తూ అన్నారు.

"నేనేం చేయలేదయ్యా. అంతా అమ్మాయే కట్టింది. కరెంటు పోతే కర్ర తిప్పాను, అంతే."

పెద్దాయన ఆ చేతి వైపు చూశారు.

"తిప్పుడే కష్టం సారు. దారందేముంది, దానంతల అది వస్తది."

కోడలు చాయ్ తెచ్చింది. మావయ్యగారి గ్లాసును పెద్దాయన తన గ్లాసులోకి సగం వంపి, సగం గ్లాసు ఆయన చేతికిచ్చారు. ఆ పని చేస్తున్నట్టు కూడా కనపడలేదు. తాగాక, "ఆదివారం పిండి మీరు కలుపుతరా, నన్ను కలపమంటరా" అని అడిగారు.

"నేనే కలుపుతాను. నువ్వు నీళ్లెక్కువ పోస్తావు."

ఆ ఆదివారం లిఫ్టు దగ్గర మావయ్యగారే కర్ర విప్పి, రెండు ముక్కలూ గుండెకు ఆనించి పట్టుకుని ఎక్కారట. పెద్దాయన మాత్రం, దాన్ని నమ్మనని మెట్ల మీదుగా వచ్చారు. నాలుగో అంతస్తుకు చేరేసరికి ఆయాసం, దానికి తోడు ఆకలి. నేను బల్ల మీద మూడో పళ్లెం కూడా పెట్టి పెసరట్టు వడ్డించాను.

పీట తీసేద్దామనుకున్నాను. టిఫిను అయ్యాక పెద్దాయన జేబులోంచి చిన్న పొట్లం తీశారు. పాత ఎర్ర జెండా గుడ్డ, అరచేయంత. పోగులు లాగి మిగతా అంచులు మార్చాలన్నారు. పసుపు తగిలిన అంచు దగ్గరికి వచ్చేసరికి, "ఇది ముట్టకు. ఇది ఇట్లనే ఉండనీ" అన్నారు. ఎండలో పసుపు ఎరుపు నిలవదండి అని చెప్పాను. పోతే పోనీ, పోయినప్పుడు చూద్దాం అన్నారు. ఆయన ఎడమ చేత్తో దారం పట్టారు, మావయ్యగారు ముంజేయి బల్లకు ఆనించి కర్ర తిప్పారు. ఎర్ర పోగు శ్రావణంలోంచో భాద్రపదంలోంచో బయటికి వస్తూ ఉంది. నేను గిన్నెలు తోముతూ ఆ ఇద్దరి మాటలు విన్నాను. అంతా చేపల గురించే.

కొత్త కర్ర పెట్టెను మా ఆయన వాపసు పంపేశారు. ఆ పీట మీద ఇప్పటికి ఇంకో నాలుగైదు కర్రలు అయ్యాయి, చెరువు గట్టు మీద పరిచయమైనవాళ్లవి. మొన్న ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చుకుని, నిరుటిది కళ్లకద్దుకుని ఆ దొంతర మీద పెట్టి, మళ్లీ బిగించి కట్టాను. పసుపు మాత్రం ఇప్పుడు పీటకు ముందు రోజే రాస్తాను.